అప్పు నాది కాదు, డిక్రీ మాత్రం నా మీద

ఈ నెల న్యాయ సలహా శీర్షికకు వచ్చిన ఉత్తరాల్లో చాలావాటిది ఒకే బాధ. అప్పు తీసుకున్న మనిషి ఒకరు, కోర్టు గుమ్మం ఎక్కవలసి వచ్చిన మనిషి మరొకరు. హామీ సంతకం పెట్టినవారు, చనిపోయిన తండ్రి పేరు పక్కన తమ పేరు చేరినవారు, బాకీదారుకు తామే ఎంతో కొంత బాకీ ఉన్నవారు. వీరిలో ఎవరూ డబ్బు ఎగవేద్దామని చూసినవారు కారు. కాగితం వచ్చినప్పుడు "అప్పు నాది కాదు కదా" అని ఊరుకున్నారు, లేదా కాగితం తమదాకా చేరనే లేదు. ఇంతలో వెనకాల డిక్రీ, అంటే డబ్బు కట్టమన్న కోర్టు తీర్పు, అయిపోయింది. ఈసారి పేజీలన్నీ వీరికే ఇస్తున్నాను. పేర్లు తీసేశాను, ఊళ్లు మాత్రం ఉంచాను.

ప్రశ్న: అమ్మా, నేను ఏలూరు దగ్గర చిన్న బిల్డింగ్ కాంట్రాక్టరును. ఒక బట్టీ యజమాని దగ్గర ఇటుకలు అరువు మీద తెచ్చుకునేవాణ్ణి. ఆయన మీద ఎవరో నోటు దావా వేసి డిక్రీ తెచ్చుకున్నారట. నేను బట్టీ ఆయనకు 4,00,000 రూపాయలు బాకీ ఉన్నానని, ఆ డబ్బు కోర్టులో కట్టమని, లేదంటే హాజరై కారణం చెప్పమని వేసవిలో నాకు కోర్టు నోటీసు వచ్చింది. ఆయనకు ఫోను చేస్తే "నీకెందుకు, మా లాయరు చూసుకుంటాడు, నువ్వు వెళ్లక్కర్లేదు" అన్నాడు. నేను వెళ్లలేదు. ఇరవై రోజుల కిందట నా మీద ఆర్డరు అయింది. ఇప్పుడు నా బ్యాంకు ఖాతా, కాంక్రీటు మిక్సరు జప్తు చేయమని పిటిషన్ వేశారు. నిజానికి నేను ఇవ్వవలసింది 1,10,000 మాత్రమే. మిగతాది ఎప్పుడో బ్యాంకు ద్వారా పంపేశాను. నేను ఎవరి దగ్గరా అప్పు చేయలేదు. నా మీద డిక్రీ ఎలా వస్తుంది?

జవాబు: అయ్యా, మీరు ఉత్తరంలో ఫోను నంబరు రాయడం మేలైంది. పత్రిక అచ్చయ్యేదాకా ఆగితే మీ గడువు దాటిపోయేది కనుక చేయవలసిన పని ఉత్తరం అందిన రోజే ఫోనులో చెప్పాను. ఇక్కడ రాస్తున్నది మీలాంటి మిగతావారి కోసం.

చట్టం దృష్టిలో మీరు గార్నిషీ. డిక్రీ పొందినవాడికి బట్టీ యజమాని బాకీ, బట్టీ యజమానికి మీరు బాకీ. మీ దగ్గర ఉన్న ఆ డబ్బు బట్టీ యజమాని ఆస్తి కిందే లెక్క. అందుకే దాన్ని మీ చేతిలో ఉండగానే జప్తు చేయమని డిక్రీదారు అడగవచ్చు. సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 21లో 46ఎ నుంచి 46ఐ వరకు ఉన్న రూల్సు దీనికోసమే. 1976 సవరణతో ఇవి కోడ్‌లోకి వచ్చాయి.

మీరు పక్కన పెట్టిన నోటీసును మళ్లీ తీసి చదవండి. అందులో రెండు దారులు ఉన్నాయి: డబ్బు కోర్టులో కట్టండి, లేదా హాజరై ఎందుకు కట్టనక్కర్లేదో చెప్పండి. మీరు రెండూ చేయలేదు. అలాంటప్పుడు 46బి రూలు కింద కోర్టు "నోటీసులో చెప్పినట్టు కట్టు" అని ఆర్డరు వేయవచ్చు. ఆ ఆర్డరును మీ మీద వచ్చిన డిక్రీ లాగే అమలు చేయవచ్చు. మీ మీద దావా వేయలేదు, సాక్షిని పిలవలేదు, మీ ఖాతా పుస్తకం ఎవరూ తెరవలేదు. మీరు 4,00,000 బాకీ ఉన్నారన్న మాటకు ఆధారం డిక్రీదారు వేసిన అఫిడవిట్ (ప్రమాణ పత్రం) మాత్రమే. అందులోనూ ఆయన రాయవలసింది తన నమ్మకం ప్రకారం మీరు బాకీ ఉన్నారని. కాదనేవారు ఎదురుగా లేకపోతే ఆ నమ్మకమే చివరికి మీ బాకీ అయి కూర్చుంటుంది.

మీ లాంటి కేసు కోర్టు హాల్లో ఎలా సాగుతుందో చెబుతాను. పదిన్నరకు బెంచి క్లర్కు నంబరు చదువుతాడు. అటెండరు వరండాలోకి వచ్చి మీ పేరు మూడుసార్లు కేక వేస్తాడు. చెట్టు కింద, టీ కొట్టు దగ్గర నిలబడ్డవాళ్లలో ఎవరూ పలకరు. నోటీసు అందినట్టు మీ సంతకంతో ఉన్న కాగితం ఫైలులోనే ఉంటుంది. డాకెట్ (కేసు కాగితం) మీద రెండు ముక్కలు పడతాయి: పిలిచినా రాలేదు, ఎక్స్ పార్టీ (ఎదుటి పక్షం లేకుండానే). ఇంకో అయిదు నిమిషాల్లో తరువాతి కేసు. అంత తేలికగా అయిపోయే పని ఇది. ఆ రోజు మీరు బ్యాంకు స్టేట్‌మెంటు చేత పట్టుకుని నిలబడి ఉంటే 46సి రూలు కింద ఆ వివాదాన్ని దావాలో అంశంలాగే విచారించే అధికారం కోర్టుకు ఉంది. ఎంత బాకీ, ఎంత కట్టారు అన్నది సాక్ష్యం మీద తేలేది.

ఇప్పుడు ఏం చేయాలి? సాధారణ దావాలో ఏకపక్ష డిక్రీని రద్దు చేయించుకునే ఆర్డర్ 9 రూల్ 13 ఇక్కడ పనికిరాదు. మీది ఎగ్జిక్యూషన్‌లో, అంటే డిక్రీని అమలు చేసే దశలో, వచ్చిన ఆర్డరు. దీనికి ఆర్డర్ 21లోనే రూల్ 106 ఉంది. రాలేకపోవడానికి తగిన కారణం చూపి, ఆర్డరు తేదీ నుంచి 30 రోజుల్లో అర్జీ పెట్టాలి. నోటీసు అసలు సరిగా అందనివారికైతే ఆర్డరు సంగతి తెలిసిన రోజు నుంచి 30 రోజులు. మీకు నోటీసు అందింది కనుక లెక్క ఆర్డరు తేదీ నుంచే. ఈ గడువు చాలా కఠినమైనది. ఆలస్యాన్ని మన్నించమని అడిగే లిమిటేషన్ చట్టం సెక్షన్ 5 ఆర్డర్ 21 అర్జీలకు వర్తించదు. సుప్రీంకోర్టు కూడా 2005లో ఇదే చెప్పింది. ముప్ఫై ఒకటో రోజున ఆస్పత్రి కాగితాలు పట్టుకెళ్లినా తలుపు మూసే ఉంటుంది.

ఇంకో దారి ఉంది. 46హెచ్ రూలు ఈ ఆర్డరు మీద అప్పీలుకు వీలు ఇచ్చింది, డిక్రీ మీద అప్పీలు చేసినట్టే. హైకోర్టు కాకుండా కింది అప్పీలు కోర్టుకైతే దానికీ గడువు 30 రోజులే. కానీ అప్పీలుకు సెక్షన్ 5 వర్తిస్తుంది. సరైన కారణం ఉంటే ఆలస్యాన్ని మన్నించమని అడగవచ్చు. రూల్ 106 గడువు దాటినవారు చేతులు ముడుచుకుని కూర్చోకుండా ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

బట్టీ ఆయన "నేను చూసుకుంటా" అన్నారని రాశారు. ఆ మాటే కోర్టుకు తగిన కారణంగా చెబితే నిలబడుతుందన్న భరోసా ఇవ్వలేను. ఆయన లాయరు ఆయన కోసం ఉన్నాడు, మీ కోసం కాదు. అయితే మీరు ఒప్పుకుంటున్న 1,10,000ను అర్జీతో పాటే కోర్టులో కట్టేయండి. నా సలహాలో ముఖ్యమైనది ఇదే. ఎగవేయడానికి రాలేదని, లెక్క తేల్చుకోవడానికి వచ్చారని అది మాటల కన్నా బాగా చెబుతుంది. ఆ డబ్బు బట్టీ యజమాని చేతికి మాత్రం ఇవ్వకండి. జప్తు ఉత్తర్వు అందాక ఆయనకు కట్టిన సొమ్ము డిక్రీదారు హక్కు ముందు చెల్లదని సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 64 చెబుతోంది. అంటే మళ్లీ కట్టవలసి వస్తుంది. కోర్టులో కడితే మాత్రం అంతమేరకు బట్టీ యజమానికి మీరు బాకీ తీర్చినట్టే. రేపు ఆయన మీద ఉన్న డిక్రీ రద్దయినా సరే, 46ఎఫ్ రూలు మీకు ఆ రక్షణ ఇచ్చింది.

ఇతర పాఠకులకు ఒక మాట. అద్దెకు ఉన్నవారికి ఇంటి యజమాని అప్పు విషయంలో, ధాన్యం కొన్న మిల్లువారికి రైతు అప్పు విషయంలో, సబ్ కాంట్రాక్టరుకు బిల్లు ఇవ్వవలసిన పెద్ద కాంట్రాక్టరుకు కూడా ఇలాంటి నోటీసు రావచ్చు. మీరు పైసా బాకీ లేకపోయినా వెళ్లి ఆ మాటే చెప్పండి. బాకీ లేనివాడు కూడా వెళ్లకపోతే బాకీ ఉన్నట్టే ఆర్డరు రావచ్చు.

ప్రశ్న: మేడమ్ గారూ, నేను కరీంనగర్ జిల్లాలో జిల్లా పరిషత్ హైస్కూలు ఉపాధ్యాయుణ్ణి. తోటి ఉపాధ్యాయుడు ఒక ప్రైవేటు ఫైనాన్స్‌లో అప్పు తీసుకుంటే షూరిటీ సంతకం పెట్టాను. ఆయన ఉద్యోగం మానేసి ఎటో వెళ్లిపోయారు. గత నెల మా ప్రధానోపాధ్యాయులు పిలిచి, కోర్టు నుంచి నా జీతం జప్తు ఉత్తర్వు వచ్చిందని చూపించారు. మా ఇద్దరి మీద 6,20,000కు ఎక్స్ పార్టీ డిక్రీ అయిందట. నాకు సమన్లే రాలేదు. వాకబు చేస్తే, నేను బదిలీ అయి వచ్చేసిన పాత స్కూలు చిరునామాకు పంపి, తిరిగి వస్తే పేపరులో ప్రకటన వేయించారని తెలిసింది. ముందు అప్పు తీసుకున్నవాడి ఆస్తి అమ్ముకుని, అది చాలకపోతే కదా నా దగ్గరకు రావాలి? మధ్యలో నన్ను అడగకుండా ఆయనకు అప్పు పెంచి, వడ్డీ పెంచి కొత్త కాగితాలు కూడా రాయించుకున్నారట.

జవాబు: మాస్టారూ, మీ ఉత్తరంలో మీకు మేలు చేసే సంగతులు రెండు ఉన్నాయి. మీరు బలమనుకున్న వాదన మాత్రం బలమైనది కాదు. ముందు దాన్ని వదిలేయండి. కాంట్రాక్టు చట్టం సెక్షన్ 128 ప్రకారం హామీదారు బాధ్యత అప్పు తీసుకున్నవాడి బాధ్యతతో సమానం. అసలు బాకీదారు వెంట పడి అలిసిపోయాకే హామీదారు దగ్గరకు రావాలన్న షరతు లేదని బ్యాంక్ ఆఫ్ బీహార్ కేసులో సుప్రీంకోర్టు 1969లో నే తేల్చింది. హామీ కాగితంలోనే వేరేలా రాసుకుని ఉంటే తప్ప, జీతం ఉన్న మీ దగ్గరకు రావడం వారి ఇష్టం. ఊళ్లలో చాలామంది షూరిటీ అంటే సాక్షి సంతకం లాంటిదే అనుకుంటారు. సాక్షికి బాధ్యత ఉండదు. షూరిటీకి మొత్తం అప్పు బాధ్యత ఉంటుంది.

ఇక మీకు మేలు చేసేవి. ఒకటి, పేపరు ప్రకటన. ఏకపక్ష డిక్రీని రద్దు చేయమని ఆర్డర్ 9 రూల్ 13 కింద అర్జీ పెట్టడానికి లిమిటేషన్ చట్టం 123వ ఆర్టికల్ 30 రోజులు ఇచ్చింది. సమన్లు సరిగా అందితే డిక్రీ తేదీ నుంచి, అందకపోతే డిక్రీ సంగతి మీకు తెలిసిన రోజు నుంచి లెక్క. ఆ ఆర్టికల్ కిందే ఒక వివరణ ఉంది: పత్రికా ప్రకటన వంటి బదులు పద్ధతిలో సమన్లు ఇస్తే దాన్ని గడువు లెక్క కోసం సరిగా అందినట్టు భావించకూడదు. పేపరులో ఏ మూలనో ఎవరూ చదవని ప్రకటన చూసి మీకు తెలిసిపోయిందని చట్టం నటించడం లేదు. కనుక ప్రధానోపాధ్యాయులు మీకు ఉత్తర్వు చూపించిన రోజు ముఖ్యం. ఆ రోజు మీరు సంతకం పెట్టిన కాగితం నకలు తీసుకోండి. బదిలీ ఉత్తర్వు, రిలీవైన తేదీ, కొత్త స్కూలులో చేరిన తేదీ జతచేయండి. పాత చిరునామాకు సమన్లు పంపిన నాటికి మీరు అక్కడ లేరని ఆ మూడు కాగితాలే చెబుతాయి.

30 రోజులు ఒకటి రెండు దాటినా ఇక్కడ సెక్షన్ 5 అర్జీ పెట్టుకోవచ్చు. అయినా ఆ అవసరం తెచ్చుకోకండి. డిక్రీ మీద నేరుగా అప్పీలూ చేయవచ్చు. కానీ ఆ అప్పీలు విచారణలో పోతే తరువాత రూల్ 13 అర్జీకి వీలుండదు. మీ కేసులో సమన్లే అందలేదు కనుక మొదట రూల్ 13 అర్జీ పెట్టడమే మంచిదని నా అభిప్రాయం.

రెండోది, మిమ్మల్ని అడగకుండా షరతులు మార్చడం. హామీదారు సమ్మతి లేకుండా అప్పు షరతులు మారిస్తే, ఆ మార్పు తరువాతి లావాదేవీలకు హామీదారు బాధ్యుడు కాడని కాంట్రాక్టు చట్టం సెక్షన్ 133 చెబుతోంది. ఇది మీ అసలు వాదన. కానీ జీతం జప్తు చేస్తున్న కోర్టుకు డిక్రీ వెనక్కు వెళ్లి తప్పొప్పులు చూసే అధికారం లేదు. డిక్రీ రద్దయి, దావాలో మీరు జవాబు వేసినప్పుడే ఈ మాట వినేవారుంటారు. మీరు సంతకం చేసిన హామీ పత్రం నకలు తెప్పించుకుని ప్రతి వాక్యం చదవండి. "మార్పులకు ముందుగానే ఒప్పుకుంటున్నాను" అన్న వాక్యం చాలా ఫైనాన్స్ ఫారాల్లో అచ్చులోనే ఉంటుంది. అది ఉంటే మీ వాదన బలహీనపడుతుంది.

అర్జీ పెట్టినంత మాత్రాన జీతం కోత ఆగదు. స్టే కోసం వేరే అర్జీ వేయాలి. కోర్టు కొంత సొమ్ము డిపాజిట్ చేయమనో, ఖర్చులు కట్టమనో షరతు పెట్టవచ్చు. దానికి సిద్ధపడి వెళ్లండి.

కోత ఎంత ఉండాలో కూడా చూసుకోండి. ఇలాంటి డిక్రీల్లో జీతంలో మొదటి 1,000 రూపాయలు, మిగిలినదానిలో మూడింట రెండు వంతులు ముట్టుకోవడానికి వీల్లేదని సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 60. లెక్కలోకి వచ్చే జీతం 61,000 అనుకుంటే, 1,000 పోగా 60,000లో మూడో వంతు, అంటే నెలకు 20,000 దాకా కోయవచ్చు. ప్రభుత్వం మినహాయింపు ప్రకటించిన అలవెన్సులు ఈ లెక్కలోకి రావు. ఒకే డిక్రీ కింద మొత్తం 24 నెలలు కోత పడితే, ఆ డిక్రీకి మీ జీతం మీద ఇక జప్తు కుదరదు. ఈ 24 నెలల సంగతి తెలియక ఏళ్ల తరబడి కోత భరించిన ఉద్యోగులను చూశాను, ఇప్పటికీ నాకు కడుపు మండుతుంది. భవిష్యనిధి సొమ్ముకూ ఇదే సెక్షన్ రక్షణ ఇస్తుంది. మీ ప్రధానోపాధ్యాయుల మీద కోపం పెట్టుకోకండి. జీతం ఇచ్చే అధికారి కోర్టు ఉత్తర్వు కాదని మీకు పూర్తి జీతం ఇస్తే ఆ సొమ్ముకు ప్రభుత్వం బాధ్యత పడుతుంది.

చివరికి మీరు కట్టవలసి వస్తే, కట్టిన ప్రతి రూపాయినీ అప్పు తీసుకున్నవాడి నుంచి రాబట్టుకునే హక్కు కాంట్రాక్టు చట్టం సెక్షన్ 145 ఇస్తుంది. కట్టిన నాటి నుంచి 3 ఏళ్లలో దావా వేయాలి. రసీదులు దాచండి. మీ అప్పు చీటీల కంపెనీదైతే దారి వేరు. ఆ వివాదాలు మొదట సివిల్ కోర్టుకు కాక 1982 చిట్ ఫండ్స్ చట్టం కింద రిజిస్ట్రార్ దగ్గరకు వెళతాయి. అక్కడి నోటీసును కూడా ఇంతే పట్టించుకోవాలి.

ప్రశ్న: అక్కా, మాది పలాస. పెళ్లయి విశాఖపట్నంలో ఉద్యోగం చేసుకుంటున్నాను. నాన్నగారు చనిపోయాక ఆయన రాసిన ప్రామిసరీ నోటు మీద అన్నయ్య మీద, నా మీద దావా వేశారు. నా సమన్లు కూడా పలాసలో వదినే తీసుకుందట, నాకు చెప్పలేదు. ఇప్పుడు నేను నా జీతంతో కొనుక్కున్న ఫ్లాటును జప్తు చేయమని అడుగుతున్నారు. నాన్నగారి ఎనభై సెంట్ల జీడితోట అన్నయ్య చేతిలోనే ఉంది. నాకు చిల్లిగవ్వ రాలేదు. తండ్రి అప్పు ఆడపిల్ల తీర్చాలా?

జవాబు: అమ్మా, ఆడపిల్లయినా మగపిల్లవాడయినా తండ్రి అప్పుకు బాధ్యత తండ్రి వదిలిన ఆస్తి మేరకే. కొడుకు పుణ్యం కోసం తండ్రి అప్పు తీర్చి తీరాలన్న పాత సూత్రాన్ని కూడా 2005 హిందూ వారసత్వ సవరణ చట్టం, ఆ తరువాత చేసిన అప్పుల విషయంలో, తీసేసింది. వారసుడి హోదాలో వచ్చిన డిక్రీని చనిపోయినవారి ఆస్తి మీద అమలు చేయాలని సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 52 చెబుతోంది. ఆ ఆస్తి మీ చేతికి వచ్చి, మీరు దాన్ని ఏం చేశారో చెప్పలేకపోతేనే ఆ మేరకు మీ సొంత ఆస్తి జోలికి రావచ్చు. జీడితోట ఉంది కదా, వారు చూడవలసింది దాన్ని.

కానీ డిక్రీ నకలు వెంటనే తీసి చూడండి. అందులో "చనిపోయిన వారి ఆస్తి నుంచి" అన్న మాట ఉందా, లేక "ఒకటి, రెండు ప్రతివాదులు చెల్లించవలెను" అని ఊరికే రాశారా? ఏకపక్షంగా అయ్యే డిక్రీల్లో ఈ మాట జారిపోవడం చూస్తుంటాను, అడిగేవారు ఎదురుగా ఉండరు కనుక. మాట ఉంటే ఫ్లాటు జప్తును అమలు కోర్టులోనే ఎదిరించండి. లేకపోయినా దావా మిమ్మల్ని వారసురాలిగానే చేర్చిందని అక్కడ వాదించవచ్చు. అయితే దాని మీదే ఆధారపడకుండా డిక్రీనే రద్దు చేయించుకోవడం క్షేమం.

అందుకు మీ దగ్గర మంచి కారణం ఉంది. ప్రతివాది ఇంట్లో లేనప్పుడు, త్వరలో దొరికే అవకాశం కూడా లేనప్పుడు సమన్లు కుటుంబంలోని పెద్దవారికి ఇవ్వవచ్చని ఆర్డర్ 5 రూల్ 15 ఒప్పుకుంటుంది. అయితే ఆ మనిషి ప్రతివాదితో కలిసి నివసిస్తూ ఉండాలి. మీరు విశాఖలో, మీ వదినగారు పలాసలో. పెళ్లయి వేరే ఊళ్లో కాపురం ఉంటున్న ఆడపిల్ల సమన్లు పుట్టింట్లో ఇచ్చి చేతులు దులుపుకుంటే సరిపోదు. ఆధార్, ఫ్లాటు పన్ను రసీదు, ఆఫీసు ఇచ్చే సర్టిఫికెట్ జతచేసి, మీకు సంగతి తెలిసిన తేదీ, ఎలా తెలిసిందీ అఫిడవిట్‌లో స్పష్టంగా రాయండి. అన్నావదినల మీద నింద వేయనక్కర్లేదు. ఆ కాగితం మీకు అందలేదని చెబితే చాలు.

ఫీజు భారమనిపిస్తే కోర్టు ఆవరణలోనే న్యాయసేవా సంస్థ ఉంటుంది. 1987 చట్టం కింద మహిళలకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు. ఫోను నంబరు 15100.

ప్రశ్న: నిజామాబాద్ నుంచి రాస్తున్నాను. మా అబ్బాయి అప్పుకు డిక్రీ అయిందని అమీనా (కోర్టు జప్తు ఉద్యోగి) వచ్చి మా ఇంట్లో ఫ్రిజ్, టీవీ, నా కుట్టు మిషను జప్తు జాబితాలో రాసుకున్నాడు. అవి నేను, మా ఆవిడ కొనుక్కున్నవి. అబ్బాయి వేరుగా ఉంటాడు. నేను టైలరును.

జవాబు: అయ్యా, వేలం జరగకముందే ఆర్డర్ 21 రూల్ 58 కింద క్లెయిము పిటిషన్ వేయండి. వేలం అయిపోయాక ఆ పిటిషన్ తీసుకోరు. కావాలని ఆలస్యం చేశారనిపించినా తీసుకోరు. బిల్లులు, గ్యారంటీ కార్డులు, మీ కరెంటు బిల్లు పెట్టండి. బిల్లు దొరకకపోతే కొట్టువాడి సాక్ష్యం తెండి. పనివాడి పనిముట్లను సెక్షన్ 60 జప్తు నుంచి మినహాయించింది. అయితే అది అప్పు ఉన్నవాడి పనిముట్లకు చెప్పిన మాట. మీరు అసలు డిక్రీలోనే లేరు కనుక "ఇది నాది" అన్నదే మీ మొదటి వాదన కావాలి.

ప్రశ్న: నెల్లూరు నుంచి రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగిని. ఒక రొయ్యల రైతుకు 3,00,000 నోటు మీద ఇచ్చాను. అతని బావమరిది హామీ ఉన్నాడు. దావా వేశాను. బావమరిది ఇల్లు మారి కావలి వెళ్లాడని నాకు తెలుసు. పాత చిరునామాకే సమన్లు పంపితే తిరిగి వస్తాయని, తలుపుకు అంటించి ఎక్స్ పార్టీ చేయించేస్తే త్వరగా డిక్రీ వస్తుందని ఒక గుమాస్తా అంటున్నాడు. అలా చేయమంటారా?

జవాబు: వద్దండీ. మీ డబ్బు న్యాయమైనది, దాన్ని అన్యాయమైన దారిలో పెట్టకండి. పై ఉత్తరాల్లో కరీంనగర్ మాస్టారు, పలాస అమ్మాయి ఇలాంటి పనుల వల్లే కష్టపడుతున్నారు. మీకు నష్టం కూడా. రేపు అతను కావలి ఇంటి అద్దె కాగితం తెచ్చి సమన్లు అందలేదని నిరూపిస్తే, డిక్రీ సంగతి తెలిసిన రోజు నుంచి అతనికి 30 రోజులు ఉంటాయి. ఆ తెలిసిన రోజు అయిదేళ్ల తరువాత రావచ్చు. అప్పటికి మీరు ఈ.పి. (డిక్రీ అమలు పిటిషన్) వేసి, ఆస్తి వేలం దాకా తెచ్చి ఉంటారు. అంతా మొదటికి వస్తుంది. పైగా చిరునామా తెలిసీ దాచారని తేలితే ఆ జడ్జి ముందు మీ మిగతా మాటలకు విలువ ఎలా ఉంటుంది?

ప్రతివాది రానంత మాత్రాన డిక్రీ చేతిలో పడుతుందని కూడా అనుకోకండి. జవాబు దాఖలు కాకపోయినా దావాలోని సంగతులు రుజువు కావలసినవైతే రుజువు అడగాలని సుప్రీంకోర్టు 1999లో కింది కోర్టులకు గట్టిగా చెప్పింది. అసలు నోటు, హామీ పత్రం, మీరు డబ్బు ఇచ్చినట్టు బ్యాంకు ఎంట్రీ సిద్ధంగా పెట్టుకోండి. ప్రతివాది మధ్యలో వచ్చి చేరితే అడ్డుపడకండి. ఒకసారి ఎక్స్ పార్టీ అయినవాడు కూడా ఆ దశ నుంచి విచారణలో పాల్గొనవచ్చని 1955 నుంచీ సుప్రీంకోర్టు మాట. అతను వచ్చి వాదించి ఓడిపోతే వచ్చే డిక్రీ ఎంత గట్టిగా ఉంటుందో ఎక్స్ పార్టీ డిక్రీ అంత గట్టిగా ఉండదు.

వచ్చే వాయిదాకు కావలి చిరునామాతో మెమో దాఖలు చేసి, కోర్టు ద్వారానూ, స్పీడ్ పోస్టులోనూ కొత్తగా సమన్లు పంపించండి. అందినట్టు సంతకమైన రసీదు ఫైలులో చేరిందో లేదో మీరే చూసుకోండి. డిక్రీ వచ్చాక దాన్ని అమలు చేయించుకోవడానికి మీకు 12 ఏళ్ల గడువు ఉంది.